వెండిపై చెక్కిన హితవు – పోపుల రాజ్యపు నాణేలు, వాటి సేకరణ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉత్సవానికి పెట్టిన పేరులోనే నేటి ప్రసంగ విషయం దాగియున్నది. జూబిలీ అను మాటకు మూలం హెబ్రూ భాషలో ఉన్నది. పొట్టేలు కొమ్ముతో చేసిన బూరకు ఆ పేరు. ప్రాచీన యూదుల ధర్మశాస్త్రం ప్రకారం ఏబదియవ సంవత్సరం రాగానే ఆ బూర ఊది, దాస్యంలో ఉన్నవారిని విడిచిపెట్టి, చేయిజారిన భూమిని మొదటి సొంతదారులకు తిరిగి అప్పగించవలెను. 1300లో పోపు ఎనిమిదవ బోనిఫేస్ రోమునగరంలో ఒక పవిత్ర యాత్రా సంవత్సరాన్ని ప్రకటించినాడు. కాలక్రమాన దానికి జూబిలీ అను పేరు స్థిరపడినది. నూరేండ్లకొకసారి అనుకొన్న ఆ పండుగ తరువాత ఏబది ఏండ్లకు, 1475 నుండి ఇరువదియైదేండ్లకు వచ్చినది. ఆ సంవత్సరంలో సెయింట్ పీటర్ దేవాలయపు పవిత్ర ద్వారాన్ని తెరుస్తారు, సంవత్సరాంతాన మూసివేస్తారు. 1675 జూబిలీకి పదవ క్లెమెంట్ అను పోపు ముద్రించిన పెద్ద వెండి నాణెంపై ఆ ద్వారమే చెక్కబడియున్నది. అరచేతి నడుమ నిండుగా కూర్చునే ఆ నాణెం పేరు పియాస్త్రా. బరువు 32 గ్రాములకు దగ్గర. అనగా కంసాలి లెక్కలో రెండుముప్పావు తులాలు.

పూజారి నాణెం ముద్రించుట ఏమని పిల్లలకు సందేహం కలుగవచ్చును. ఇప్పటి వాటికన్ నగరం అర చదరపు కిలోమీటరైనా లేని చిన్న రాజ్యం. కాని పూర్వం పోపు ఒక పెద్ద దేశానికి రాజు. 756లో ఫ్రాంకుల రాజు పెపిన్ మధ్య ఇటలీలోని పట్టణాలను గెలిచి పోపుకు ధారపోసిన నాటినుండి, 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం రోము గోడను బద్దలుకొట్టి లోనికి ప్రవేశించిన నాటివరకు, నడుమ ఎన్ని అంతరాయాలు వచ్చినను, ఆ రాజ్యం సాగినది. రోము, బొలోనియా, ఫెరారా, ఆంకోనా, పెరూజియా మొదలగు నగరాలు దాని ఏలుబడిలో ఉండినవి. పోపుకు సైన్యం ఉండెడిది, చెరసాలలు ఉండెడివి, పన్నుల అధికారులు ఉండిరి. రైతు తన గోధుమను పిండి పట్టించుకొన్నందుకు సైతం పన్ను కట్టవలసివచ్చినది. సహజంగానే టంకశాల కూడ ఉండెను.

8వ శతాబ్ది చివరిపాదంలో మొదటి ఎడ్రియన్ ముద్రించిన పలుచని వెండి దెనారో ఈ పరంపరకు ఆది అని చెప్పుట వాడుక. 10వ శతాబ్ది చివరకు ఆ ధార ఆగిపోయినది. తరువాత రోములో నగరపు సెనేటు తన పేర నాణేలు వేసుకొన్నది. 14వ శతాబ్దిలో పోపులు రోము విడిచి ఫ్రాన్సు దక్షిణాన ఆవిన్యోనులో ఉన్న కాలంలో టంకశాల కూడ వారి వెంట ఆ ప్రాంతానికే పోయినది. ఆ ఆవిన్యోను నగరాన్ని 1348లో నేపుల్సు రాణి జోవన్నా నుండి 80,000 ఫ్లోరిన్లు ఇచ్చి పోపు కొనుగోలు చేసినాడు. రాజ్యాలను గెలుచుటయే కాని కొనుట కథలలో అరుదు. చరిత్రలో అంత అరుదు కాదు.

సేకరించువారికి అసలైన విందు 16వ శతాబ్దితో ఆరంభమగును. రెండవ జూలియస్ కాలాన సంస్కరించిన వెండి నాణేనికి ఆయన పేరుమీదనే జూలియో అని పేరు వచ్చినది. మూడవ పాల్ కాలాన అదే పావోలో అయినది. మూడు జూలియోలు ఒక తెస్తోనె. పది జూలియోలు ఒక స్కూదో. నూరు బయోక్కోలు కూడ ఒక స్కూదోయే. 16వ శతాబ్ది చివరలో, ఐదవ సిక్స్టస్ కాలం నుండి, స్కూదో విలువగల పెద్ద వెండి బిళ్ల వెలువడి పియాస్త్రా అను పేరుతో చెల్లినది. ఈ పట్టిక కంఠస్థం చేయవలసిన పని లేదు. నాణేలను చేతపట్టినవారికి నాలుగు దినాలలో అదే పట్టుబడును.

లాటిన్ భాష రాకపోయినను ఈ నాణేలను చదువవచ్చును. బొమ్మవైపు పోపు ముఖమో, ఆయన వంశచిహ్నమో ఉండును. ఆ చిహ్నం పైన అడ్డదిడ్డంగా పెట్టిన రెండు తాళపుచెవులు, మూడంతస్తుల కిరీటం కానవచ్చును. వంశచిహ్నాన్ని గుర్తుపట్టినచో పేరు చదువకయే పోపు ఎవరో చెప్పవచ్చును. మూడు తేనెటీగలున్నచో బర్బెరీని వంశపు ఎనిమిదవ అర్బన్. కొండలు, వాటిపై నక్షత్రం ఉన్నచో కీజీ వంశపు ఏడవ అలెగ్జాండర్. నోట ఆలివు కొమ్మ పట్టిన పావురం ఉన్నచో పాంఫిలీ వంశపు పదవ ఇన్నోసెంట్. గుండ్రని బంతులున్నచో మెదీచీ వంశం. అక్షరాలు రాని పసివాడు ఎన్నికల గుర్తును పోల్చుకొన్నట్లే ఇదియును. సంవత్సరం మాత్రం జాగ్రత్తగా చూడవలెను. పెక్కు నాణేలపై పోపు పరిపాలనలో ఎన్నవ ఏడో రోమను అంకెలలో ఉండును. పోపు ఎన్నికైన నాటినుండి ఆ లెక్క మొదలగును కనుక ఒకే క్యాలెండరు సంవత్సరంలో రెండు పాలనా వర్షాలు వచ్చును. తొమ్మిదవ పయస్ 1846 జూన్ 16న ఎన్నికైనాడు. ఆయన 1866 నాటి నాణేలపై ఇరువదియవ ఏడు అనియు ఉండును, ఇరువదియొకటవ ఏడు అనియు ఉండును. రెండును సరియైనవే. పైకి ఒకేలా కనిపించు ఆ రెంటిని వేరుచేసి చూచునాడే కుర్రవాని కంటికి పదును వచ్చినట్లు.

బొరుసు వైపు తిరిగినచో ఈ నాణేల ప్రత్యేకత తెలియును. లోకంలోని రాజులందరు నాణెంపై తమ బలాన్ని చాటుకొన్నారు. పోపుల నాణేలలో కొన్ని మాత్రం ధనాన్నే నిందించును. 1676 నుండి 1689 వరకు పాలించిన పదకొండవ ఇన్నోసెంట్ మితవ్యయానికి పేరుపొందినవాడు. అంతకు ముందరి పోపులు అన్నదమ్ముల బిడ్డలను పిలిచి పదవులు, భూములు కట్టబెట్టు ఆచారాన్ని ఆయన పాటింపలేదు. ఆయన వెండి నాణేల బొరుసుపై అలంకారపు చట్రం నడుమ బొమ్మ ఏదియు లేక, అక్షరాలు మాత్రమే కానవచ్చు రకాలు కలవు. ఒకదానిపై, పేదకు పెట్టినవానికి లోటు రాదను భావం. ఇంకొకదానిపై, పుచ్చుకొనుటకంటె ఇచ్చుట మేలను భావం. మరొకదానిపై, లోభికి ఎంత ఉన్నను కడుపు నిండదను భావం. కడపటి తీర్పు నాడు సంపద అక్కరకు రాదని హెచ్చరించినది మరియొకటి. ఆయన తరువాత 1700లో వచ్చిన పదకొండవ క్లెమెంట్, ధనం పెరిగిన కొలది చింత పెరుగునన్న రోమక కవి హొరేసు భావాన్ని ఒక చిన్న వెండి నాణెంపై వేయించినాడు. డబ్బు మీదనే డబ్బును నమ్మవద్దని వ్రాసిన ప్రభుత్వం అరుదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దాచవద్దని చెప్పిన నాణెం నేటికి మిగిలియున్నదన్నచో ఎవడో దానిని దాచినాడు కనుకనే. ఆ హితవును పాటించినవారి చేతిలోని నాణెం అంగడికి పోయినది, అరిగినది, కరిగినది. పాటింపనివారి నాణెం నిగనిగలాడుచు మ్యూజియంలో ఉన్నది. మరి సేకరించువాడు ఆ లోభి వారసుడా, కాడా? ఈ ప్రశ్నను ప్రక్కకు నెట్టి సేకరణను గురించి ఎంత గొప్పగా చెప్పినను అది పైపూతయే అగును.

ముందుగా ఆ రాజ్యమే తన వెండిని ఏమి చేసినదో చూడవలెను. 1527 మే 6న చక్రవర్తి ఐదవ చార్లెసు సైన్యం, జీతాలు అందని కోపంతో, రోముపై పడి నగరాన్ని దోచినది. పోపు ఏడవ క్లెమెంట్ కాస్తెల్ సాంత్ ఆంజెలో అను కోటలో తలదాచుకొన్నాడు. విడుదలకు 4,00,000 డుకాట్లు ఇచ్చుటకు ఒప్పుకొనవలసివచ్చినది. అంత ధనం ఎక్కడిది? దేవాలయపు వెండి పాత్రలను కరిగించి కోటలోనే నాణేలు కొట్టించినారు. పనితనం మోటు, వేళ అటువంటిది. స్వర్ణకారుడు, శిల్పి బెన్వెనూతో చెల్లీని ఆ కోటలోనే ఉన్నాడు. పోపు కిరీటాల రత్నాలు ఊడదీసి బంగారం కరిగించిన సంగతి ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. రెండేండ్లకు అదే చెల్లీని రోము టంకశాలకు అచ్చులు చెక్కు ఉద్యోగి అయినాడు. నీట మునుగుచున్న పీటరును క్రీస్తు చేయిపట్టి లేవదీయు దృశ్యాన్ని వెండి నాణెంపై చెక్కినాడు. మునిగి తేలిన నగరానికి అంతకంటె తగిన బొమ్మ దొరకదు. ముట్టడి నాటి మోటు వెండి బిళ్లను, చెల్లీని నాణేన్ని ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో చరిత్ర పాఠానికి వేరే పటం అక్కరలేదు.

17వ శతాబ్ది వచ్చుసరికి ఈ పనితనం శిఖరానికి చేరినది. జర్మనీలోని బవేరియా నుండి వచ్చి రోములో స్థిరపడిన హమెరాని కుటుంబం తరతరాలుగా పోపులకు నాణేల అచ్చులు, పతకాల అచ్చులు చెక్కినది. ఉక్కు దిమ్మపై బొమ్మను తలక్రిందులుగా, లోతుగా, అద్దంలోవలె చెక్కవలెను. చిన్న పొరపాటు జరిగినను దిమ్మ చెడును. ఈ కుటుంబంలో జొవాన్ని హమెరాని పేరు అందరు చెప్పుదురు. ఆయన కుమార్తె బెయాత్రీచె హమెరాని కూడ ఈ విద్యను నేర్చి పతకాలు చెక్కినది. 1704లో ఇరువదియేడేండ్ల ప్రాయంలోనే గతించినది. స్త్రీలు ఉలి పట్టుట అరుదైన ఆ కాలంలో ఆమె పేరు నిలిచియుండుట ఆడపిల్లల బడిలోనైనను, మగపిల్లల బడిలోనైనను చెప్పదగిన సంగతి. చాల పుస్తకాలు తండ్రికి పుట ఇచ్చి కుమార్తెకు వాక్యం ఇచ్చును.

ఆ కాలపు బొమ్మలను చూడవలెనే కాని చెప్పుట కష్టం. ఏడవ అలెగ్జాండర్ పియాస్త్రాపై విల్లనోవా థామస్ అను సాధువు పేదలకు దానం చేయుచుండును. పదకొండవ క్లెమెంట్ 1713 నాటి పియాస్త్రాపై రోములోని పాంథియాను ముందరి అంగణం, అక్కడి జలయంత్రం, దానిమీద కొత్తగా నిలిపిన ఈజిప్టు శిలాస్తంభం కానవచ్చును. పట్టణంలో నీటి ఏర్పాటు చేసి దానిని నాణెంపై వేయించుకొనుట పాలకునికి చెల్లిన గొప్పయే. అన్నింటికంటె తెలుగువారి మనసుకు దగ్గరయినది ఎనిమిదవ అలెగ్జాండర్ 1690 నాటి తెస్తోనె. దానిపై కాడి కట్టిన రెండు ఎద్దులు. ధాన్యపు వ్యవస్థను తిరిగి చక్కబరచినట్లు చాటు లాటిన్ మాటలు చుట్టును ఉన్నవి. రాజముఖం ఒకవైపు, దుక్కిటెద్దులు ఒకవైపు! గోదావరి ఒడ్డున ఏ రైతుకు చూపినను ఆ బొమ్మకు వ్యాఖ్యానం అడుగడు.

బొలోనియా నగరపు టంకశాల సంగతి బడిపండుగలో విడువరానిది. రోము తరువాత పోపుల రాజ్యంలో అదే ముఖ్యమైన టంకశాల. 19వ శతాబ్ది స్కూదోలపై రోము నాణేనికి ఆర్ అక్షరం, బొలోనియా నాణేనికి బి అక్షరం గుర్తు. అయితే దాని పాత నాణేలపై అంతకంటె అందమైన గుర్తు ఉన్నది: బొలోనియా బోధించును అని అర్థమిచ్చు రెండు లాటిన్ మాటలు. ఇంకొన్నింటిపై ఆ నగరాన్ని విద్యలకు తల్లిగా పేర్కొన్నారు. 1088లో ఆరంభమైనదని చెప్పు విశ్వవిద్యాలయం ఆ ఊరిది. కోటను కాదు, కత్తిని కాదు, పాఠం చెప్పుటను ఊరి ఘనతగా నాణెంపై కొట్టించుకొన్నారు. ఉపాధ్యాయులకు ఇంతకంటె పెద్ద సన్మానపత్రం ఏ ప్రభుత్వమును ఇచ్చియుండదు. జీతాల మాట వేరు.

పోపు మరణించి కొత్తవాడు ఎన్నికగు వరకు సింహాసనం ఖాళీగా ఉండును. ఆ వ్యవధిలో వ్యవహారాలు చూచువాడు కామెర్లెంగో అను కార్డినల్. అప్పుడు వేసిన నాణేలపై పోపు ముఖం ఉండదు. కామెర్లెంగో వంశచిహ్నం, దానిపై తాళపుచెవులు, వాటిపై సగం తెరచిన ఛత్రం ఉండును. ఛత్రచామరాల సంప్రదాయం ఎరిగిన తెలుగువారికి ఆ గొడుగు అర్థం వివరింపనక్కరలేదు. రాజు లేనపుడు రాజ్యం ఉన్నదని చెప్పునది గొడుగు. 1740లో ఎన్నిక ఆరునెలలు సాగినది. 1846లో గ్రెగొరీ మరణానికి, పయస్ ఎన్నికకు నడుమ పదునైదు దినాలే. అయినను ఆ కొద్ది దినాల పేర స్కూదోలు వెలువడినవి. ఈ ఖాళీ సింహాసనపు నాణేలను మాత్రమే సేకరించువారు ఉన్నారు. ఆచారం అంతటితో ఆగలేదు. 1929లో వాటికన్ నగర రాజ్యం ఏర్పడిన తరువాత 1939, 1958, 1963, 1978 సంవత్సరాలలోను, యూరో వచ్చిన పిదప 2005, 2013 లోను అటువంటి నాణేలు వచ్చినవి. 1978లో ఇద్దరు పోపులు గతించుట వలన ఒకే సంవత్సరంలో రెండు సార్లు వచ్చినవి.

ఇంతటి వెండి చివరకు రెండు దెబ్బలు తిన్నది. మొదటిది నెపోలియన్ దెబ్బ. 1797 ఫిబ్రవరి 19న తొలెంతీనో సంధితో పోపు బొలోనియాను, ఆవిన్యోనును వదులుకొని భారీ సొమ్ము చెల్లించుటకు తలయొగ్గినాడు. రాజ్యంలో మంచి వెండి కరవైనది. ఆ యేడే పీటరు బొమ్మతో, కన్యమరియ బొమ్మతో రాగి నాణేలు వెల్లువెత్తినవి. మరుసటి యేడు ఫ్రెంచి సైన్యం రోములో ప్రవేశించినప్పుడు వాటికన్ గ్రంథాలయంలోని నాణేల భాండారం కొల్లగొట్టబడి పారిస్ చేరినది. శతాబ్దాలుగా కూర్చినది బండ్లమీద తరలిపోయినది. నెపోలియన్ పతనం తరువాత అందులో కొంత తిరిగి వచ్చినది, అంతయు రాలేదు.

రెండవ దెబ్బ ఆ రాజ్యం స్వయంగా కొట్టుకొన్నది. 1866లో తొమ్మిదవ పయస్ పాత స్కూదోను విడిచి ఫ్రాన్సు, ఇటలీ దేశాల పద్ధతిలో లీరాను ప్రవేశపెట్టినాడు. లీరా బరువు 5 గ్రాములు. వేయింట 835 పాళ్లు వెండి. అందువలన అది పొరుగుదేశాలలో సైతం చెల్లు అవకాశం కలిగినది. అప్పటికి రాజ్యంలో అధికభాగం ఇటలీలో కలిసిపోయినది. మిగిలిన చిన్న ప్రాంతపు జనాభాకు తగినంత మేరకే చిల్లర వెండి వేయవలెనన్నది ఆ దేశాల ఏర్పాటు. బొక్కసం ఖాళీగా ఉన్న పాలకులు ఆ మేర దాటి ముద్రించినారు. లీరాలు సరిహద్దులు దాటి ఫ్రాన్సు, స్విట్జర్లాండుల అంగళ్లలో కుప్పపడినవి. 1870 నాటికి ఆ దేశాలు వాటిని పుచ్చుకొనుట మానినవి. నష్టపోయినది ఎవరు? మొగమున పోపు బొమ్మ చూచి నమ్మి పుచ్చుకొన్న కూలివాడు, చిల్లర వర్తకుడు. ధనాన్ని నమ్మవద్దని నాణెంపై చెక్కించిన పరంపర చివరకు ఆ మాటను ఈ విధంగా నిజం చేసినది. దీనిని దాచి, బొమ్మల అందాన్ని మాత్రమే మెచ్చుకొనుట చరిత్రకు అపచారం.

వింత ఏమనగా, నాడు ఎవరును వద్దన్న ఆ 1866 నాటి లీరాయే నేడు కొత్తగా సేకరణ మొదలుపెట్టువారికి అందుబాటులో ఉన్న నాణెం. ఎక్కువగా ముద్రించినారు కనుక ఎక్కువగా మిగిలినది. పియాస్త్రాల ధర సామాన్య కుటుంబం అందుకొనునది కాదు. అందుకొనవలసిన అవసరం కూడ లేదు.

ఒకటి రెండు వెండి నాణేలు ఇంటికి వచ్చిన తరువాత తెలుగు ఇండ్లలో జరుగు ప్రమాదం ఒకటున్నది. పండుగనాడు పూజసామగ్రితో పాటు నాణేన్ని కూడ విభూతితోనో, చింతపండుతోనో, కుంకుడు రసంతోనో తోమి తెల్లగా మెరిపించుట! వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లని పొర కట్టును. దేవుని పళ్లానికి ఆ పొర మురికి కావచ్చును. పాత నాణేనికి అది చర్మం. తోమినప్పుడు పొరతో పాటు అచ్చు దించిన సన్నని గీతలు కూడ పోవును. మూడువందల ఏండ్లు అంగడిలో తిరిగి అరుగనిది అరగంటలో అరిగిపోవును. ఇట్లు తోమిన నాణెం ధర పడిపోవుట సరే, పదకొండవ ఇన్నోసెంట్ అక్షరాలు కానరాకుండ పోవుటయే అసలు నష్టం. నాణేన్ని అంచులు పట్టి ఎత్తవలెను. ముఖాన్ని వేళ్లతో తాకరాదు. పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో ఉంచినచో కొన్నేండ్లకు పచ్చని జిగురు పట్టును. ఆమ్లం లేని కాగితపు పొట్లం మేలు. దానిపైనే నాణెం వివరం, ఎవరివద్ద కొన్నది, ఎప్పుడు కొన్నది వ్రాసిపెట్టవలెను. వివరం లేని నాణెం పేరు తెలియని ఫోటోవంటిది.

నకిలీల బెడద ఈ నాణేలకు కూడ ఉన్నది. పోతపోసిన నకిలీలో ఉపరితలం సన్నని గుంటలతో ఉండును. అక్షరాల అంచులు మెత్తబడియుండును. చుట్టును అతుకు గీత కనబడవచ్చును. కంసాలి త్రాసు, భూతద్దం, ఓపిక – ఈ మూడింటి ముందు చాల నకిలీలు నిలువవు. మరొక చిక్కు పతకాలది. రోము టంకశాలలో పాత పతకాల ఉక్కు దిమ్మలు భద్రంగా ఉండుట వలన 19వ శతాబ్దిలో వాటినుండి మరల మరల పతకాలు తీసినారు. పియాస్త్రాలపై వెల అంకె వ్రాసియుండకపోవుటచే అనుభవం లేనివారు పతకాన్ని నాణెంగా భ్రమింతురు. కాసులపేరుకు గుచ్చినట్లు ఎందరో భక్తులు ఈ నాణేలకు కన్నం పొడిచి, లేదా ఉంగరం అతికించి మెడలో ధరించినారు. ఆ కన్నాన్ని పూడ్చి దాచిన నాణేలు కూడ అంగడికి వచ్చును. సేకరించువారు కన్నమున్న నాణేన్ని తక్కువగా చూచుట వాడుక. ధర విషయంలో ఆ చూపు సరే. కాని ఆ కన్నం సైతం ఒక జీవితపు గుర్తు. పేరు తెలియని ఒక స్త్రీ మెడలో అది ఏబదేండ్లు ఉండియుండవచ్చును. పిల్లలకు చూపుటకు కన్నమున్నదే మేలు, అందునా చవక.

ఇక లోభికి, సేకరించువానికి భేదమేమన్న ప్రశ్నకు ఒక రాజు జీవితం కొంత సమాధానం చెప్పును. 1870లో రోమును పోపు చేతినుండి తీసుకొన్న ఇటలీ రాజు రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్. ఆయన మనుమడు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ 1869లో పుట్టినాడు. పసితనంలో ఆ బాలునికి దాది ఒక తొమ్మిదవ పయస్ నాణేన్ని ఇచ్చినది. తాత ఓడించిన పోపు నాణేన్ని మనుమడు మురిసిపోయి దాచుకొన్నాడు. అక్కడినుండి ఆరంభమై ఆ సేకరణ లక్షకు పైగా నాణేలదైనది. ఆయన వాటిని పెట్టెలలో బంధింపలేదు. పండితుల సహాయంతో ప్రతి నాణేన్ని తూచి, కొలిచి, చదివి, ఇటలీ నాణేల సమగ్ర పట్టికను 1910 నుండి 1943 వరకు ఇరువది సంపుటాలలో ప్రకటింపజేసినాడు. అందులో మూడు సంపుటాలు రోము టంకశాలకే పోయినవి. పోపుల నాణేలను గురించి వ్రాయువారు నేటికిని ఆ సంపుటాలను తిరగవేయక తప్పదు.

ఆయన మంచి రాజని చెప్పుట కష్టం. 1922లో ముస్సోలినీని పిలిచి అధికారం అప్పగించినది ఆయనే. 1938లో యూదులకు వ్యతిరేకమైన చట్టాలపై సంతకం పెట్టినది ఆయనే. ఒక నాణెం అంచుపై గీతను పట్టుకొనగల కన్ను, దేశం పోవుచున్న దారిని పట్టుకొనలేదు; లేదా పట్టుకొనియు మిన్నకున్నది. సేకరణ మనిషిని ఉత్తముని చేయునని చెప్పువారికి ఈ ఉదాహరణ ఒక అడ్డుకట్ట. అయినను 1946 మేలో సింహాసనం విడిచిపోవునాడు ఆ సేకరణను ఇటలీ ప్రజలకు వదలిపెట్టినాడు. దేశం విడిచి ఈజిప్టుకు పోయి, మరుసటి యేడు అక్కడనే మరణించినాడు.

ఆ నాణేలు ఇప్పుడు రోము రైల్వేస్టేషనుకు సమీపాన, పలాజ్జో మస్సిమో అను మ్యూజియం నేలమాళిగలో ఉన్నవి. అంతకు ముందు ఆ భవనం ఒక పాఠశాల. అద్దాల వెనుక వరుసగా పేర్చిన నాణేలను చూచుటకు భూతద్దాలు అమర్చినారు. దాది ఇచ్చిన ఆ మొదటి నాణెం మాత్రం వెండిది కాదు. అది ఒక రాగి సోల్డో. ఇరువది సోల్డోలు కలిసినచో ఒక లీరా.